మామయ్య పాట పెడితే బోల్టుల బరువెందుకు పెరిగింది?

రాణిగంజ్‌లో మా మామయ్యకి చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. మన సీఎస్ఈ వాళ్ళ హార్డ్‌వేర్ కాదు లెండి. బోల్టులు, నట్లు, వాషర్లు, పైపు క్లాంపులు. చిన్న సైజు బోల్టులన్నీ కిలోల లెక్కన అమ్ముతారు. కౌంటర్ మీద ఒక ఎలక్ట్రానిక్ కాటా, దాని పక్కన ఒక పాత డెస్క్‌టాప్. కాటా నుంచి ఒక సీరియల్ కేబుల్ కంప్యూటర్‌లోకి వెళ్తుంది. బటన్ నొక్కితే బరువు నేరుగా బిల్లులోకి వచ్చేస్తుంది.

పోయిన సెమిస్టర్‌లో ఒక శనివారం సాయంత్రం ఆ షాపులో చిన్న గొడవ జరిగింది. ఎప్పుడూ వచ్చే వెల్డింగ్ షాపు ఆయన బిల్లు చూసి, "ఇరవై ఐదు కిలోలు తీస్కుంటే రెండొందల ఇరవై ఐదు కొట్టినవేందన్నా?" అన్నాడు. మామయ్య కాటా వైపు చూశాడు. 25.00 అనే ఉంది. బిల్లులో మాత్రం 225.00. మామయ్య నా వైపు తిరిగి, "అరేయ్, ఏం జేసినవ్‌రా దీన్ని?" అన్నాడు.

చేసింది నేనే. ఎందుకంటే ఆ కాటాకి డ్రైవర్ రాసింది నేను.

తర్వాత తేలిన విషయం ఇంకా విచిత్రం. మామయ్య యూట్యూబ్‌లో పాత పాటలు పెట్టుకున్నప్పుడే బరువు తప్పు వస్తోంది. పాట ఆపేస్తే కాటా బుద్ధిగా ఉంటుంది. పాటకీ బోల్టులకీ ఏంటి సంబంధం? ఈ వ్యాసం దాని గురించే. మధ్యలో కొంచెం ఆపరేటింగ్ సిస్టమ్స్ వస్తుంది, భయపడకండి. ఓఎస్ సబ్జెక్టు ఇంకా మొదలవని జూనియర్లకి కూడా అర్థమయ్యేలా రాయడానికి ట్రై చేశాను. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే, కాబట్టి ఇంటరప్ట్‌ని ఇంటరప్ట్ అనే రాస్తున్నాను. "అంతరాయం" అని రాస్తే నాకే కరెంటు పోయినట్టు అనిపిస్తుంది.

మూడు పోర్షన్లు, ఒకటే కాలింగ్ బెల్

ముందు ఇంటరప్ట్ అంటే ఏంటో చూద్దాం. కాటా సెకనుకి 9600 బిట్ల వేగంతో అక్షరాలు పంపిస్తుంది. ఒక్కో అక్షరానికి ముందూ వెనకా కలిపి 10 బిట్లు పడతాయి. అంటే సెకనుకి 960 అక్షరాలు, అక్షరానికీ అక్షరానికీ మధ్య దాదాపు ఒక మిల్లీసెకను. మనకది చిటికె కన్నా తక్కువ. కానీ 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఆ ఒక్క మిల్లీసెకనులో 20 లక్షల క్లాక్ సైకిళ్ళు నడుస్తాయి. అంతసేపు "వచ్చిందా, వచ్చిందా" అని కాటాని అడుగుతూ కూర్చుంటే ప్రాసెసర్ ఇంక వేరే పనేం చేస్తుంది? అందుకని అది తన పని తాను చేసుకుంటుంది. అక్షరం వచ్చినప్పుడు సీరియల్ కార్డే ఒక తీగ మీద సిగ్నల్ ఇస్తుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఆ కార్డు డ్రైవర్‌లోని ఒక ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ సిగ్నలే ఇంటరప్ట్. ఆ ఫంక్షనే ఇంటరప్ట్ హ్యాండ్లర్. సిగ్నల్ వచ్చే దారికి ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఐఆర్‌క్యూ అంటారు.

అసలు చిక్కంతా ఈ దారులు తక్కువగా ఉండడం వల్ల వచ్చింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8259 అనే చిప్ ఉండేది. దానికి 8 ఇంటరప్ట్ లైన్లు. 1984లో వచ్చిన పీసీ ఏటీలో రెండు 8259లు కలిపారు. ఒక లైను ఆ రెండు చిప్పుల్ని కలపడానికే పోయింది, మిగిలినవి 15. కీబోర్డు, టైమరు, డిస్కు, ప్రింటరు, సీరియల్ పోర్టులు, సౌండ్ కార్డు, నెట్ కార్డు అన్నీ వీటితోనే సర్దుకోవాలి. మా నాన్న కాలంలో సౌండ్ కార్డు పెట్టాలంటే దాని మీదున్న జంపర్లు మార్చి, ఎవరూ వాడని నంబరు వెతికి పెట్టేవాళ్ళట.

కొత్త నంబర్లు లేకపోతే ఉన్నదాన్నే పంచుకోవాలి. ఇది మన సికింద్రాబాద్ వాళ్ళకి కొత్త చెప్పాలా? మేము సీతాఫల్‌మండిలో అద్దెకున్న ఇంట్లో మూడు పోర్షన్లు. గేటు దగ్గర కాలింగ్ బెల్ ఒకటే. బెల్ మోగితే మూడు పోర్షన్ల వాళ్ళూ తొంగి చూడాలి. గేటు దగ్గరున్న మనిషి ఎవరికోసం వచ్చాడో బెల్ చప్పుడు చెప్పదు. ఎవరికి వాళ్ళు చూసి, తమ చుట్టమైతే "మాకే" అని గేటు తియ్యాలి. కాకపోతే "మాకు కాదు" అని లోపలికి పోవాలి. షేర్డ్ ఇంటరప్ట్ అంటే అచ్చంగా ఇంతే.

ఇదేమీ పీసీల వల్ల పుట్టిన ఆలోచన కూడా కాదు. మన ఈసీఐఎల్ 1967లో మొదలైంది. దాని తొలి కంప్యూటర్ టీడీసీ-12 ఒక 12 బిట్ల మెషీన్. ఆ రోజుల్లోనే, 1965లో, అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళు పీడీపీ-8 తెచ్చారు. అదీ 12 బిట్లదే. పీడీపీ-8లో పరికరాలన్నిటికీ కలిపి ఒకే ఒక్క ఇంటరప్ట్ లైను. అది మోగగానే ప్రోగ్రామ్ వరసగా ఒక్కో పరికరాన్నీ "నువ్వేనా, నువ్వేనా" అని అడుగుతూ పోయేది. దాన్ని స్కిప్ చెయిన్ అనేవాళ్ళు. లినక్స్ ఇవాళ చేసేది కూడా దాదాపు అదే.

నొక్కి వదిలేసే బెల్, నొక్కి పట్టుకునే బెల్

బెల్ పంచుకోవడంలో ఒక మెలిక ఉంది. పాత ఐఎస్ఏ కార్డులు ఎడ్జ్ ట్రిగ్గర్ పద్ధతిలో ఉండేవి. అంటే సిగ్నల్ కింద నుంచి పైకి లేచిన ఆ ఒక్క క్షణమే లెక్క. మొదటి మనిషి బెల్ మీద వేలు పెట్టి ఉన్నప్పుడే రెండో మనిషి కూడా నొక్కాడనుకోండి. కొత్తగా "టింగ్" అనదు. మొదటి మనిషికి గేటు తీసి అందరూ లోపలికి పోతారు. రెండో మనిషి అక్కడే నిలబడి ఉంటాడు. పాత పీసీల్లో కామ్ 1, కామ్ 3 రెండూ ఐఆర్‌క్యూ 4నే వాడేవి. మౌస్ ఒకదానికి, మోడెమ్ ఇంకోదానికి పెడితే రెండూ ఒకేసారి పనిచేయక జనం జుట్టు పీక్కున్నది ఇందుకే.

1992లో వచ్చిన పీసీఐ బస్సు దీన్ని మార్చింది. అది లెవెల్ ట్రిగ్గర్. లైను మామూలుగా పై వోల్టేజిలో ఉంటుంది. పని ఉన్న కార్డు దాన్ని కిందికి లాగి పట్టుకుంటుంది. తన డ్రైవర్ వచ్చి "ఏం కావాలి" అని తీర్చేదాకా వదలదు. ఇద్దరు లాగితే ఒకరు వదిలినా లైను కిందే ఉంటుంది, కాబట్టి కెర్నల్ మళ్ళీ హ్యాండ్లర్లని పిలుస్తుంది. వేలు తియ్యకుండా నొక్కి పట్టుకునే చుట్టాల్లాగా అన్నమాట. చిరాగ్గా ఉంటుంది కానీ ఎవరూ మిస్ అవ్వరు. ఈ "వేలు తియ్యడు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

పీసీఐలో ఇంటరప్ట్ లైన్లు నాలుగే. ఏ, బీ, సీ, డీ. ఒకే పని చేసే మామూలు కార్డయితే ఏ మాత్రమే వాడాలని రూలు. అందరూ ఏ మీదే పడితే కష్టమని మదర్‌బోర్డు తయారు చేసేవాళ్ళు ఒక్కో స్లాటు దగ్గర తీగల్ని ఒక్కో వరసలో తిప్పి కలుపుతారు. కార్డుని ఒక స్లాటు నుంచి తీసి ఇంకో స్లాటులో పెడితే ఐఆర్‌క్యూ నంబరు మారేది అందుకే. సీటీసీలో నాకు పాత నెట్ కార్డు అమ్మినాయన "ఏమన్నా తేడా వస్తే స్లాట్ మార్చి చూడు బాబూ" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను కానీ, ఆయన చెప్పింది పక్కా ఇంజినీరింగ్.

నేను రాసిన తూకం డ్రైవర్

ఇప్పుడు నా కథ. మామయ్య కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మీది నెట్ పోర్టు పాడైపోయింది. పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్ళి 200 రూపాయలకి సెకండ్ హ్యాండ్ పీసీఐ నెట్ కార్డు తెచ్చాను. రియల్‌టెక్ 8139, పాతదే కానీ గట్టిది. కాటాకి ముందునుంచీ పీసీఐ సీరియల్ కార్డు ఉంది. లినక్స్ నేనే ఎక్కించాను. లినక్స్‌లో సీరియల్ కార్డుకి రెడీమేడ్ డ్రైవర్ ఉంది, అది హాయిగా పనిచేస్తుంది. కానీ ఓఎస్ మినీ ప్రాజెక్టుకి నాకు ఒక డ్రైవర్ కావాలి. రెడీమేడ్ దాన్ని పక్కనపెట్టి, "తూకం" అనే పేరుతో నా సొంతది రాసి, ల్యాబ్‌లో కాకుండా నడుస్తున్న షాపులో పెట్టాను. ఇదీ నేను చేసిన అసలు తప్పు. మిగతావన్నీ దీని పిల్లలు.

లినక్స్‌లో డ్రైవర్ తన హ్యాండ్లర్‌ని నమోదు చేసుకోవడానికి రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ అనే ఫంక్షన్ ఉంది. దానికి అయిదు విషయాలు ఇవ్వాలి. ఐఆర్‌క్యూ నంబరు, హ్యాండ్లర్ ఫంక్షన్, ఫ్లాగులు, పేరు, చివరగా డెవ్ ఐడీ.

మొదటిసారి ఫ్లాగుల దగ్గర సున్నా పెట్టాను. డ్రైవర్ ఎక్కలేదు. మైనస్ 16 అని ఎర్రర్, అంటే "బిజీ". కెర్నల్ లాగ్‌లో ఐఆర్‌క్యూ 17 దగ్గర ఫ్లాగులు కలవలేదని రాసి ఉంది, పక్కనే నా డ్రైవర్ పేరు, నెట్ కార్డు పేరు. రెండు కార్డులూ 17 మీదే పడ్డాయన్నమాట. పంచుకోవాలంటే ఐఆర్‌క్యూఎఫ్ షేర్డ్ అనే ఫ్లాగు పెట్టాలి. ముందునుంచీ ఉన్నవాళ్ళూ, కొత్తగా వచ్చేవాళ్ళూ అందరూ పెట్టాలి. ఒక్క పోర్షన్ వాళ్ళు "బెల్ మా ఒక్కళ్ళదే" అన్నా ఒప్పందం కుదరదు. నాకన్నా ముందు నెట్ కార్డు డ్రైవర్ షేర్డ్ అని ఒప్పుకుని కూర్చుంది. సొంత బెల్ కావాలని పట్టుబట్టింది నేనే.

రెండోసారి ఫ్లాగు పెట్టాను, డెవ్ ఐడీ దగ్గర ఖాళీ పాయింటర్ ఇచ్చాను. ఈసారి మైనస్ 22, "ఇన్‌వాలిడ్". ఎందుకంటే ఒకే ఐఆర్‌క్యూ మీద హ్యాండ్లర్లన్నీ ఒక లింక్‌డ్ లిస్టులో ఉంటాయి. అవునండీ, డేటా స్ట్రక్చర్స్‌లో మనం తిట్టుకుంటూ రాసిన లింక్‌డ్ లిస్టే. రేపు నా డ్రైవర్‌ని తీసేటప్పుడు ఆ లిస్టులోంచి ఎవర్ని తియ్యాలో కెర్నల్‌కి తెలియాలి. ఒకే డ్రైవర్ రెండు ఒకేరకం కార్డుల్ని నడుపుతుంటే హ్యాండ్లర్ ఫంక్షన్ రెండింటికీ ఒకటే అవుతుంది, కాబట్టి ఫంక్షన్ అడ్రసు చూసి గుర్తుపట్టలేం. అందుకని డెవ్ ఐడీ అనేది ఒక్కొక్కరికీ వేరుగా ఉండాలి, ఖాళీగా ఉండకూడదు. మామూలుగా ఆ కార్డు వివరాలున్న స్ట్రక్చర్ అడ్రసునే ఇస్తారు. అదే పాయింటర్ హ్యాండ్లర్‌ని పిలిచిన ప్రతిసారీ లోపలికి వస్తుంది, కాబట్టి ఏ కార్డు కోసం పిలిచారో కూడా తెలుస్తుంది.

మూడోసారి ఎక్కింది. కాటా మీద 2 కిలోల రాయి పెట్టాను, స్క్రీన్ మీద 2.00 వచ్చింది. 5 పెట్టాను, 5.00. మామయ్యకి చూపించి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కొట్టేశాను. అప్పుడు షాపులో పాట లేదు.

బరువు ఎక్కడ పెరిగింది?

నా హ్యాండ్లర్ చేసేది రెండే పనులు. సీరియల్ చిప్‌లో వచ్చిన అక్షరాన్ని చదివి బఫర్‌లో వెయ్యడం, తర్వాత ఐఆర్‌క్యూ హ్యాండిల్డ్ అని రిటర్న్ చెయ్యడం. అంటే "మాకే" అని చెప్పడం.

తప్పు కనిపించిందా? నాకు రెండు రాత్రులు కనిపించలేదు.

బెల్ మోగింది అంటే నా కార్డుకే పని ఉంది అనుకున్నాను. కానీ ఒక ఇంటరప్ట్ వస్తే కెర్నల్ ఆ లైను మీదున్న హ్యాండ్లర్లన్నిటినీ వరసగా పిలుస్తుంది. ఒకరు "మాకే" అన్నా మిగతావాళ్ళని పిలవడం ఆపదు, ఎందుకంటే ఇద్దరి చుట్టాలూ ఒకేసారి వచ్చి ఉండొచ్చు. మామయ్య పాట పెట్టగానే నెట్ కార్డుకి ప్యాకెట్లు వస్తాయి. ప్యాకెట్ వస్తే ఐఆర్‌క్యూ 17 మోగుతుంది. నా హ్యాండ్లర్‌ని కూడా పిలుస్తారు. అది ఏమీ చూడకుండా సీరియల్ చిప్‌లోంచి అక్షరం చదివేస్తుంది. అక్కడ కొత్తది ఏమీ లేదు, ఇందాక చదివేసిన పాత అక్షరమే ఉంది. దాన్నే మళ్ళీ బఫర్‌లో వేస్తుంది.

కాటా "25.00" పంపిస్తోంది. "2" వచ్చింది, చదివాను. "5" రావడానికి ఇంకో మిల్లీసెకను ఉంది. ఈలోపల పాట తాలూకు ప్యాకెట్ ఒకటి వచ్చింది. నా హ్యాండ్లర్ మళ్ళీ "2" చదివింది. తర్వాత "5". బిల్లులో 225.00. ప్యాకెట్ "5" తర్వాత వస్తే 255.00 అయ్యేది. చుక్క తర్వాతి సున్నా రెండుసార్లు వస్తే 25.000, ఏ తేడా తెలీదు. చుక్కే రెండుసార్లు వస్తే నా కోడ్ దాన్ని చెత్త అని పారేసి తర్వాతి లైను చదివేది. అందుకే ఎప్పుడో ఒకసారి మాత్రమే తప్పు బయటపడేది. వీడియో కూడా ఆగి ఆగి గుంపులుగా వస్తుంది కదా, ఆ గుంపు వచ్చిన క్షణానే మామయ్య బటన్ నొక్కాలి.

పట్టుకున్నది ఇలా. లినక్స్‌లో ప్రాక్ ఫోల్డర్‌లో ఇంటరప్ట్స్ అనే ఫైల్ ఉంటుంది. తెరిస్తే ప్రతి ఐఆర్‌క్యూ ఎన్నిసార్లు మోగిందో, దాన్ని ఎవరెవరు వాడుతున్నారో కనిపిస్తుంది. 17 ఎదురుగా కామా పెట్టి రెండు పేర్లు, నెట్ కార్డు, తూకం. కాటా ఆపేసి చూశాను. అయినా 17 అంకె పెరుగుతూనే ఉంది. అప్పుడు వెలిగింది. ఆదివారం షాపు మూసి ఉండగా నా లాప్‌టాప్ నుంచి ఆ కంప్యూటర్‌కి ఆపకుండా పింగ్‌లు కొట్టి, కాటా మీద 5 కిలోల రాయి పెట్టాను. 55.00. అంతకుముందు ఒక బగ్ దొరికితే అంత సంతోషపడింది లేదు, అంత సిగ్గుపడిందీ లేదు.

మందు ఒక్క లైనే. 16550 రకం సీరియల్ చిప్‌లో ఇంటరప్ట్ ఐడెంటిఫికేషన్ రిజిస్టర్ ఉంటుంది. దాని చివరి బిట్ 0 అయితే "నాకు పని ఉంది", 1 అయితే "నాకేం లేదు". తిరగేసినట్టు ఉంటుంది, జాగ్రత్త. హ్యాండ్లర్‌లో మొట్టమొదట అది చదవాలి. 1 ఉంటే వెంటనే ఐఆర్‌క్యూ నన్ అని తిరిగి వచ్చెయ్యాలి. అంటే "మాకు కాదు". 8139 నెట్ కార్డు డ్రైవర్ సోర్సు తెరిచి చూస్తే వాళ్ళూ అదే చేశారు. ముందు స్టేటస్ రిజిస్టర్ చదివి, తన బిట్లేవీ లేకపోతే బయటికి. ఆ లైను పైన "షేర్డ్ ఐఆర్‌క్యూ?" అని రెండు మాటల కామెంట్. నేను రెండు రాత్రులు వెతికింది ఆ రెండు మాటల్లో ఉంది.

"మాకే" అని అబద్ధం చెప్తే

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అదే ఆదివారం ఇంకోటి నేర్చుకున్నాను.

కొత్త కోడ్ ఎక్కించడానికి పాత మాడ్యూల్‌ని తీశాను. కాటా ఆన్‌లోనే ఉంది. తీసేటప్పుడు ఫ్రీ ఐఆర్‌క్యూ పిలిచాను, అది కరెక్టే. అది పిలవకపోతే ఇంకా ఘోరం, తర్వాతి ఇంటరప్ట్‌కి కెర్నల్ మెమరీలో లేని ఫంక్షన్‌లోకి దూకి క్రాష్ అవుతుంది. కానీ అంతకన్నా ముందు సీరియల్ చిప్‌కి "ఇంక ఇంటరప్ట్‌లు పంపకు" అని చెప్పాలి. అది మర్చిపోయాను.

ఏమైందంటే, కాటా నుంచి అక్షరం వచ్చింది. చిప్ లైనుని కిందికి లాగింది. చుట్టం వేలు తియ్యడు అన్నాను కదా. నా హ్యాండ్లర్ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. కెర్నల్ నెట్ కార్డు డ్రైవర్‌ని పిలిచింది, అది నిజాయితీగా "మాకు కాదు" అంది. లైను ఇంకా కిందే ఉంది, మళ్ళీ పిలిచింది. మళ్ళీ "మాకు కాదు". ఇలా ఆగకుండా. లినక్స్ దీన్ని లెక్కపెడుతుంది. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 కన్నా ఎక్కువ ఎవరూ మాకే అనకపోతే "నోబడీ కేర్డ్" అని లాగ్‌లో రాసి, ఆ ఐఆర్‌క్యూనే ఆపేస్తుంది. పిచ్చిగా మోగుతున్న బెల్‌కి ఓనర్ ఫ్యూజు పీకేసినట్టు. "నోబడీ కేర్డ్, డిసేబ్లింగ్ ఐఆర్‌క్యూ 17" అని స్క్రీన్ మీద చూసినప్పుడు కొంచెం ఎమోషనల్ అయ్యాను కూడా.

ఫ్యూజు పీకితే మూడు పోర్షన్లకీ బెల్ పోతుంది. ఏ పాపం తెలియని నెట్ కార్డు కూడా మూలన పడింది. అప్పటినుంచి కెర్నల్ అప్పుడప్పుడు వచ్చి చూసిపోవడమే తప్ప ఇంటరప్ట్ లేదు, కాబట్టి నెట్ ఈడుస్తూ నడిచింది. తప్పు నాది, శిక్ష పక్కింటికి.

ఇప్పుడు నా మొదటి కోడ్‌ని మళ్ళీ తలుచుకోండి. అది ఎప్పుడూ "మాకే" అనేది. లైను మీద నిజంగా వేరే కార్డు చెడిపోయి, ఆపకుండా లాగుతూ ఉంటే? కెర్నల్ లెక్కలో "ఎవరో ఒకరు చూసుకుంటున్నారులే" అని పడుతుంది. ఫ్యూజు పీకదు. ప్రాసెసర్ ఆ ఇంటరప్ట్‌లోంచి బయటికే రాలేక కంప్యూటర్ బిగుసుకుపోతుంది, లాగ్‌లో ఒక్క ముక్క కూడా మిగలదు. అందుకే "మాకు కాదు" అనడం బద్ధకం కాదు, అది కూడా ఒక సమాచారం.

నేను చివరికి నోట్‌బుక్‌లో రాసుకున్న రూల్స్ ఇవి, ల్యాబ్‌కి పనికొస్తాయి:

1. ముందు కార్డుని అడుగు, తర్వాతే పని చెయ్యి. నీది కాకపోతే ఐఆర్‌క్యూ నన్. అందరూ నీకోసం ఆగుతున్నారు, కాబట్టి త్వరగా చెప్పు.

2. నమోదు చేసుకున్న మరుక్షణం నుంచే హ్యాండ్లర్‌ని పిలవొచ్చు, నీ కార్డుకి పని లేకపోయినా సరే. కాబట్టి హ్యాండ్లర్ వాడే స్ట్రక్చర్లు, బఫర్లు అన్నీ రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ కన్నా ముందే రెడీగా ఉండాలి.

3. వెళ్ళేటప్పుడు ముందు కార్డు నోరు మూయించు, తర్వాత ఫ్రీ ఐఆర్‌క్యూ, ఆ తర్వాతే మెమరీ వదిలెయ్యి. కెర్నల్‌లో డీబగ్ ఎస్‌హెచ్ఐఆర్‌క్యూ అనే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే, ఫ్రీ చేసేటప్పుడు కెర్నల్ కావాలనే ఒక ఉత్తుత్తి ఇంటరప్ట్ కొట్టి నీ హ్యాండ్లర్ తట్టుకుంటుందో లేదో చూస్తుంది.

4. డిసేబుల్ ఐఆర్‌క్యూ అనే ఫంక్షన్ షేర్డ్ లైను మీద వాడకు. నీ ప్రశాంతత కోసం పక్కవాళ్ళ బెల్ కూడా ఆపేసినట్టే.

ఇప్పటి లాప్‌టాప్‌లలో ఈ గోల ఉందా అంటే, బాగా తగ్గింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు ఎక్కువగా ఎంఎస్ఐ అనే పద్ధతి వాడతాయి. తీగ లాగకుండా, కార్డు ఒక ప్రత్యేకమైన అడ్రసుకి ఒక అంకె రాస్తుంది. ఆ రాతే ఇంటరప్ట్. బెల్ బదులు ఎవరి ఫోన్‌కి వాళ్ళకి కాల్ చేసినట్టు. ఎంఎస్ఐలో ఒక కార్డుకి 32 దాకా, ఎంఎస్ఐ-ఎక్స్‌లో 2048 దాకా వేరు వేరు ఇంటరప్ట్‌లు ఉండొచ్చు, కాబట్టి పంచుకునే అవసరమే రాదు. అయినా పాత పీసీఐ కార్డులున్న ఫ్యాక్టరీ కంప్యూటర్లలో, చిన్న చిన్న ఎంబెడెడ్ బోర్డుల్లో నాలుగైదు సెన్సర్లు ఒకే పిన్నుకి కట్టిన చోట్ల ఇది బతికే ఉంది. ఐవోటీ ప్రాజెక్టులు చేసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు దీనికి తగులుకుంటారు.

మళ్ళీ షాపుకి వద్దాం. సోమవారం పొద్దున మామయ్య, నేను కూర్చుని నా డ్రైవర్ పెట్టిన రోజు నుంచి ఉన్న బిల్లులన్నీ ఒక్కొక్కటే చూశాం. ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఒకటి అప్పటికప్పుడే చేత్తో దిద్దినది. ఇంకోటి అప్పు ఖాతాలో పోయింది. 11 కిలోల వాషర్లకి 111 పడి ఉంది. మామయ్య ఆయనకి ఫోన్ చేసి "భాయ్, మా దిక్కు నుంచి తప్పయింది" అని కొత్త బిల్లు పంపాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళ షాపు, తూకం మీద నమ్మకంతో నడుస్తుంది. నాకది మార్కులొచ్చే ప్రాజెక్టు.

షాపులో ఇప్పుడు లినక్స్ వాళ్ళ రెడీమేడ్ డ్రైవరే ఉంది. నా తూకం డ్రైవర్ ల్యాబ్‌లో ఒక పాత మెషీన్‌లో, 5 కిలోల రాయి పక్కన బతుకుతోంది. వైవాలో సార్ "ఐఆర్‌క్యూ నన్ ఎందుకు?" అని అడిగితే, నేను పాట సంగతితో మొదలుపెట్టాను.

మీ లాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే ప్రాక్‌లో ఇంటరప్ట్స్ ఫైల్ ఒకసారి తెరిచి చూడండి. ఒకే లైనులో కామాతో రెండు పేర్లు కనిపిస్తే, అక్కడ ఎవరో ఇద్దరు ఒక బెల్ పంచుకుంటున్నారు. ఇన్నాళ్ళూ మీకు తెలియకుండా అంతా సాఫీగా నడిచిందంటే ఆ ఇద్దరు డ్రైవర్లూ రాసినవాళ్ళు నాకన్నా బుద్ధిమంతులన్నమాట.

మామయ్య మాత్రం ఇప్పటికీ బిల్లు కొట్టేముందు పాట పాజ్ చేస్తున్నాడు. అవసరం లేదు మామా, బాగైపోయింది అన్నా వినడు.